వంకర కుట్టును నేను తిన్నగా చేసినప్పుడు

2023 నవంబర్ 7, మంగళవారం, ఉదయం పది గంటల నలభై నిమిషాలకు రూతు ఒక జీన్స్ ప్యాంటును సంచిలో పెట్టుకుని మా ఇంటి ముందు గదిలోకి వచ్చింది. ఆ గదే నా దుకాణం. బోధన్‌లో ఎడపల్లి వైపు పోయే రోడ్డుకు ఆనుకుని ఉన్న మా ఇంట్లో ఇరవై రెండేళ్లుగా ఆల్టరేషన్ పని చేస్తున్నాను. ఆల్టరేషన్ అంటే కుట్టి ఉన్న బట్టను మనిషికి సరిపడేలా మార్చడం. వచ్చిన ప్రతి పనికీ పొడుగు నోటుబుక్కులో ఒక నంబరు వేసి, తేదీ, గంట, విప్పక ముందున్న కొలత, కుట్టిన తర్వాత వచ్చిన కొలత రాసిపెట్టుకుంటాను. ఆ ప్యాంటుకు వేసిన నంబరు 214.

నా పనిలో ఒక నియమం ఉంది. మగవారి ఒంటి మీద నేను టేపు పెట్టను. దుకాణం తెరిచిన రోజు నుండి అంతే. వారి ఇంటి ఆడవాళ్లు ‘ఆది’ తెస్తారు. ఆది అంటే ఒంటికి సరిగ్గా కుదిరిన పాత బట్ట. దాన్ని బల్ల మీద పరిచి కొలుచుకుని, తెచ్చిన ప్యాంటును ఆ లెక్కకు దించుతాను. ఇప్పుడు వచ్చే పనిలో సగానికి పైగా వదులు జీన్సును స్లిమ్ ఫిట్ చేయడమే. నిజామాబాద్‌లో కొన్నవీ, ఆన్‌లైన్‌లో తెప్పించుకున్నవీ, అన్నలవి తమ్ముళ్లకు వచ్చినవీ అన్నీ ఈ బల్ల మీదికే వస్తాయి.

రూతు ఒక ప్రైవేటు బడిలో ఆయా. వయసు ముప్పై ఆరు. ఆమె భర్త సామ్యేలుకు ఊళ్లో జిరాక్స్ దుకాణం ఉంది. కాగితాలు నకలు తీయించుకోవడానికి నేను రెండు మూడు సార్లు వెళ్లాను గానీ, మిషను వెనక కూర్చుని ఉండగా తప్ప ఆయనను చూడలేదు.

ఆమె ఆది తేలేదు. ప్యాంటును తిరగేసి బల్ల మీద పరిచింది. రెండు కాళ్లకూ బయటి వైపున నల్ల దారాన్ని రెండు పేటలు చేసి, చేత్తో కుట్టి ఉంది. ఆ బయటి కుట్టును అవుట్‌సీమ్ అంటాం. జీన్సులో లోపలి వైపు కుట్టు బట్టను మడిచి రెండు వరుసలు వేసినది, విప్పడం కష్టం. అవుట్‌సీమ్ ఒంటి వరుస కనుక ఇంట్లో బిగించుకునేవారూ, నా వంటివారూ అక్కడే చేయి పెడతాం. కుడి కాలి మీద ఆమె కుట్టు ఒక మాదిరిగా ఉంది. ఎడమ కాలి మీద మాత్రం తొడ దగ్గర లోపలికి పోయి, మోకాలి దగ్గర బయటికి వచ్చి, పిక్క దగ్గర మళ్లీ లోపలికి పోయి, అడుగున తిరిగి బయటికి వచ్చింది.

“అక్క, గీ కుట్టు మీదనే మిషను కొట్టియ్యాలె. చేతి కుట్టు ఆగుతలేదు. కూసున్నప్పుడల్ల తెగుతున్నది” అంది.

“ఎవరు కుట్టిండ్రు గిది?”

“నేనే.”

“నువ్వు కుట్టినవా, పాము పాకిందా?”

రూతు నవ్వింది. “పామే అనుకో. నువ్వు మాత్రం దాని ఎంటనే పో. అటు ఇటు పోకు.”

“మీ ఆయనకు గిప్పుడు స్లిమ్ ఫిట్ మీద మనసు వడ్డదా ఏంది? నలభై దాటినట్టున్నడు గద.”

“గట్లనే అనుకోరాదు” అంటూ ఆమె సంచి మడిచి చంకన పెట్టుకుంది. ఇంకేదో చెప్పబోయి ఆగినట్టు నాకు గుర్తు. అప్పుడు దాన్ని పట్టించుకోలేదు.

కొలతలు రాసుకున్నాను. ఎడమ కాలు పరిచి కొలిస్తే రూతు కుట్టు ప్రకారం తొడ దగ్గర పదిన్నర ఇంచులు, మోకాలి దగ్గర తొమ్మిదిన్నర, పిక్క దగ్గర ఏడు ముప్పావు, అడుగున తొమ్మిది. ఏ మనిషి కాలూ ఇలా ఉండదని అనుకున్నాను. చేతి కుట్టు నేర్వని మనిషి, మంచం మీద కూర్చుని, ఫోనులో ఏదో వీడియో చూస్తూ కుట్టి ఉంటుందనుకున్నాను.

మా పనిలో రెండు కాళ్లు ఒక జోడీ. ఒక కాలిని మరో కాలి మీద పరిచి, అంచులు కలిపి, మీది దాని మీద సుద్దతో ఒక్కటే గీత గీసి, రెండింటినీ ఆ ఒక్క గీతకే కుడతాం. రెండు కాళ్లు వేరు వేరుగా వస్తే అది కుట్టేవారి తప్పు కిందే లెక్క. నేనూ అదే చేశాను. రూతు దారాన్ని పదకొండు నిమిషాల్లో విప్పేశాను. తొడ దగ్గర పదిన్నర నుండి అడుగున ఏడున్నర వరకు స్కేలు పెట్టి గీత గీశాను. ఇలా పై నుండి కిందికి క్రమంగా సన్నం చేయడాన్ని టేపర్ అంటాం. మోకాలి దగ్గర ఆ గీత ఎనిమిది ముప్పావు మీదుగా పోయింది. అంటే రూతు వదిలిన దానికన్నా ముప్పావు ఇంచు తక్కువ, చుట్టుకొలతలో ఇంచున్నర. మిగిలిన బట్టను కోయకుండా లోపలే మార్జిన్‌గా ఉంచాను. ఇరవై రెండేళ్లలో నేను మార్జిన్ కోసింది లేదు. మనిషి లావైతే విప్పుకోవడానికి అది ఉండాలి.

మరునాడు సాయంత్రం ఐదు గంటల పది నిమిషాలకు రూతు బడి నుండి వస్తూ గుమ్మం దగ్గరే నిలబడి సంచి అందుకుంది. “పనిల పని, జర దిద్దిన కూడ” అన్నాను. నేను ఇస్త్రీ చేసి, మడిచి ఇచ్చిన తీరు చూసి “ఎంత మంచిగ చేసినవక్క” అంది. విప్పి చూడలేదు. నాకు సంతోషంగానే అనిపించింది.

నవంబర్ 10, శుక్రవారం, ఉదయం పదకొండు గంటల పావుకు మా గుమ్మం ముందు ఆటో ఆగింది. ముందు రూతు దిగింది. ఆమె భుజం పట్టుకుని సామ్యేలు దిగాడు. ఒంటి మీద పాత వదులు ప్యాంటు, మోచేతికి పట్టీ, మరో చేతిలో నేను ఇచ్చిన సంచి. గది మెట్టు ఎక్కడానికి ఆయన ఎడమ కాలిని తుంటి నుండి మొత్తంగా ఎత్తి వేశాడు. కుర్చీలో కూర్చోబోయే ముందు మోకాలికి రెండు పక్కలా ప్యాంటు మీద నుండే వేళ్లతో దేన్నో పైకి లాగాడు. అప్పుడు గానీ ఆ కాలు మడత పడలేదు.

“అక్క, గీ ప్యాంటు ఎవలకు కుట్టినవు?” అన్నాడు. గొంతు పెంచలేదు.

“నీకే గద తమ్మి. ఏమాయె?”

“నాకే కుడితే, నన్నెందుకు పడగొట్టింది?”

నేను రూతు వైపు చూశాను. “నేను చెప్దామనుకున్ననక్క. ఆయన ఎవలకు చెప్పొద్దన్నడు” అంది ఆమె.

“ఏం చెప్పొద్దన్నడు?”

సామ్యేలు వేలి కణుపుతో తన మోకాలి పక్కన రెండు సార్లు కొట్టాడు. ఇనుము చప్పుడు వినబడింది.

పోలియో వచ్చిన కాలికి తొడ నుండి బూటు వరకు కట్టుకునే ఇనుప చట్రాన్ని క్యాలిపర్ అంటారు. రెండు పక్కలా రెండు కడ్డీలు, వాటిని పట్టి ఉంచే తోలు పట్టీలు, మోకాలి దగ్గర మడత కీలు ఉంటాయి. మనిషి లేచి కాలు చాచగానే రెండు కడ్డీల కీళ్ల మీదికీ ఒక్కో రింగు తనంతట తాను జారిపడి లాక్ అవుతుంది. ఆ రింగు పూర్తిగా పడితేనే కాలు బరువు మోస్తుంది. కూర్చోవాలంటే రింగును పైకి లాగాలి. రింగు పడినప్పుడు ‘టక్’ మని ఒక చప్పుడు వస్తుంది. సామ్యేలు ముప్పై ఏళ్లకు పైగా ఆ చప్పుడు విన్న తర్వాతే అడుగు వేస్తున్నాడు.

ఆయన చెప్పినది క్రమంగా రాసుకున్నాను. రెండేళ్ల కిందట వదులు ప్యాంటు ముడత ఒకటి రింగు కింద ఇరుక్కుని, లాక్ సగమే పడి, మెట్ల మీద పడిపోయాడు. కుడి మణికట్టు విరిగింది. నిజామాబాద్‌లో చూసిన డాక్టరు ఎక్స్‌రే ఫోటోలు చూపించి, ఎడమ తొడ ఎముక చాలా సన్నగా ఉందనీ, ఈసారి పడి అది విరిగితే మళ్లీ నడవడం కష్టమనీ చెప్పాడు. అందుకే రూతు ఆ ప్యాంటును ముడత పడకుండా, అలాగని రింగును పట్టేయకుండా, ఇనుము ఎక్కడ ఎంత ఉబికి ఉందో చేత్తో తడిమి చూసి కుట్టింది. అడుగున వెడల్పు వదిలింది బూటు దూరడానికి. నేను విప్పేసిన వంకర కుట్టు అది.

నా గీత మోకాలి దగ్గర బిగిసింది. గురువారం మధ్యాహ్నం దుకాణంలో కాగితాలు అందించడానికి ఆయన లేచాడు. బట్ట రింగును పట్టి ఉంచింది. జిరాక్స్ మిషను చప్పుడులో టక్ మనలేదన్న సంగతి ఆయనకు తెలియలేదు. అడుగు వేయగానే మోకాలు మడతపడి ముందుకు పడ్డాడు. ముందర కొత్తగా వచ్చిన కాగితం కట్టలు పేర్చి ఉన్నందున వాటి మీద పడ్డాడు; మోచేయి మాత్రం గీరుకుపోయింది.

“రూతు నాకు చెప్పింది తమ్మి, దాని ఎంటనే పొమ్మని. నేనే ఇనలె” అన్నాను.

“ఇనలేదని మిషను కుట్టు సూడంగనే తెల్సింది” అన్నాడు. “గా క్యాలిపర్ చేసినాయన ఒకటే మాట అంటడు, ప్యాంటు మీదికెళ్లి కట్టుకో, పీడ పోతది అని.”

“మరి గట్ల కట్టుకుంటే కాదా?”

“బడిల నన్ను పేరు పెట్టి పిల్చినోడు లేడక్క. టక్కుటక్కోడు అనేటోళ్లు. పదో తరగతి దాక నిక్కరే, ఇనుము కనవడుకుంటనే పోయిన. ప్యాంటు తొడిగిన దినం నుంచి సామ్యేలు అంటున్నరు. దుకాణం కాడ నేను జర కుంటుత అని అందరికి ఎరుకే. ఇనుము సంగతి ఎరుకలేదు.”

“గీ ముచ్చట నాకు పెండ్లయిన మూడేండ్లకు చెప్పిండక్క. నీకు మూడు నిమిషాలల్ల చెప్పిండు” అంది రూతు.

“ఆమె ప్యాంటు పాడు చేసింది గద. నువ్వు ఏం పాడు చేసినవని చెప్పాలె?” అన్నాడాయన. ఆ మాటతో ముగ్గురమూ కొంత తేలికపడ్డాం. కానీ తర్వాత ఆయన అన్నది తేలిక మాట కాదు. “గిది కాకుంటే సోమవారం నుంచి పైననే కట్టుకుంట. ఇంకోపారి పడే ధైర్యం నాకు లేదు.”

“తమ్మి, నాకు ఆది కావాలె” అన్నాను.

“ఏ ఆది?”

“నీ కాలుకున్నది.”

ఆయన రూతు వైపు చూశాడు. రూతు నా వైపు చూసింది. నేను లేచి లోపలి గదిలోకి వెళ్లిపోయాను. ఆరు నిమిషాల తర్వాత రూతు పిలిచింది. వచ్చేసరికి సామ్యేలు గది మూలనున్న మంచం మీద కాళ్లకు దుప్పటి కప్పుకుని, గోడకు ఆనుకుని, పాత పేపరు ముఖానికి అడ్డం పెట్టుకుని ఉన్నాడు. క్యాలిపర్ నా కోత బల్ల మీద ఉంది. వంటింటి త్రాసు తెచ్చి తూచాను: బూటుతో కలిపి కిలో ఎనిమిది వందల గ్రాములు. బరువుతో నాకు పని లేదు, అయినా రాసుకున్నాను.

ముందుగా తప్పు ఎంతో తేల్చుకోవాలి. తువ్వాళ్లు చుట్టి కాలిలా చేసి క్యాలిపర్‌లో పెట్టి, నేను కుట్టిన ప్యాంటు కాలును దాని మీదికి ఎక్కించాము. రూతు నిలువుగా పట్టుకుంది. నేను మోకాలిని మడిచి చాచాను. ఇరవై సార్లు అలా చేస్తే రింగు పూర్తిగా పడింది పదకొండు సార్లు.

“తొమ్మిది సార్లు పడేటోన్ని” అన్నాడు సామ్యేలు పేపరు వెనక నుండి. చదువుతున్నాడనుకున్నాం; లెక్కపెడుతున్నాడు.

ఎడమ కాలి మీది నా కుట్టు విప్పేశాను. మార్జిన్ కోయలేదు కనుక బట్ట మొత్తం తిరిగి వచ్చింది. కానీ రూతు గీత ఎక్కడ? దారం నేనే పారేశాను. ప్యాంటును కిటికీకి అడ్డంగా పట్టుకుని చూస్తే, ఇస్త్రీకి కొన్ని పూడిపోయినా, ఆమె సూది చేసిన రంధ్రాలు చుక్కలు చుక్కలుగా వెలుగులో కనిపించాయి. వాటి వెంట సుద్దతో గీశాను. చుక్కలు దొరకని చోట రూతు వేలితో చూపించింది. “గీడ ఇంక జర బయటికి. గీడ కీలు తలకాయ ఉంటది” అంటూ, ఇనుమును చూడకుండానే చెప్పింది. ఆ గీత మీద కచ్చా కుట్టు వేశాను, అంటే తేలిగ్గా తీసేయగలిగే పెద్ద టాకాలు. మళ్లీ ఇరవై సార్లు. రింగు పడింది పదిహేడు.

“చాలు గదయ్య, మూడు సార్లే తక్కువ” అంది రూతు. ఆమె చేతులు నొప్పి పుట్టి ఉంటాయి.

“మూడు సార్లకు నాకు ఎన్ని కాళ్లు ఉన్నయే?” అన్నాడు.

నా దగ్గరికి రాకముందు రూతు చేతి కుట్టుతో నాలుగు రోజులు నడిచిన మనిషి అప్పుడు ఎందుకు పడలేదో నాకు అర్థం కాలేదు. ఆమెనే అడిగాను. “నేను మిగిలిన బట్టను అడ్డంగ పరిచి, చుట్టూ టాకాలు ఏసిన. నీది నిలవడ్డది” అంది. నిజమే. నేను గొప్పగా దాచిన మార్జిన్ మోకాలి దగ్గర మందపు గట్టులా నిలబడి, సరిగ్గా బయటి రింగు పైకి వాలుతోంది. దాన్ని పరిచి కుట్టి చూశాను. రెండు పొరల డెనిమ్ కావడంతో మిషను కుట్టు కింద అది రేకులా బిగుసుకుపోయింది. ఇరవైకి పద్దెనిమిది.

ఇక మిగిలింది కోయడమే. కోస్తే, లెక్క తప్పితే, వెనక్కి విప్పుకోవడానికి బట్ట ఉండదు. ఆ ప్యాంటు బట్ట నాలుగేళ్లు ఉతికి మెత్తబడినది. కొత్త డెనిమ్ అయితే కీలు దగ్గర అలా వంగదు. అది పాడైతే ఆయన సోమవారం ఏం చేస్తానన్నాడో నాకు గుర్తుంది. కత్తెర పట్టుకుని రెండు సార్లు బల్ల మీద పెట్టేశాను.

“కోస్తె మళ్ల రాదు తమ్మి” అన్నాను.

ఆయన పేపరు దించాడు. “నువ్వు మొన్న నన్ను అడగకుంట దిద్దినవు. గిప్పుడు అడుగుతున్నవు. కొయ్యి.”

మోకాలికి పైన నాలుగు ఇంచులు, కింద నాలుగు ఇంచులు, మొత్తం ఎనిమిది ఇంచుల పొడవున పావు ఇంచు మాత్రం ఉంచి మార్జిన్ కోసేశాను. అంచును రిబ్బను వంటి పట్టు టేపుతో కప్పి, కుట్టును మోకాలి వెనక వైపుకు వాల్చి అణిచాను. పద్దెనిమిదో నంబరు సూది ఒకటి విరిగింది. రెండోది వేసి పూర్తి చేశాను. అడుగున బూటుకు వెడల్పు తొమ్మిది ఇంచులకు తిరిగి తెచ్చాను. కుడి కాలిని నా తిన్నని గీత మీదే ఉండనిచ్చాను. నా చేతి నుండి వేరు వేరు కొలతల కాళ్లతో వెళ్లిన మొదటి ప్యాంటు అదే.

బల్ల మీద ఇరవై సార్లు చూశాం. ఇరవై సార్లూ టక్ మంది. సామ్యేలు “ఇంకో ఇరవై” అన్నాడు. అవీ పడ్డాయి. రూతు క్యాలిపర్‌ను ఎత్తుకుని ఆయన దగ్గరికి వెళ్లింది. నేను లోపలికి వెళ్లాను.

మధ్యాహ్నం రెండు గంటల ఇరవై ఐదు నిమిషాలకు పిలుపు వచ్చింది. కుర్చీ ముందు నిలబడి ఉన్నాడు. రెండు కాళ్లూ చూపుకు ఒక్కలాగే ఉన్నాయి. ఏది ఏదో తెలిసిన నాకే తేడా కనిపించలేదు. కూర్చున్నాడు, లేచాడు. టక్. కూర్చున్నాడు, లేచాడు. టక్. ఏడోసారి లేచేటప్పుడు బయట చెరకు లారీ పోయింది. మిషను బల్ల, కిటికీ చట్రం అదిరాయి. చప్పుడు ఏదీ వినబడలేదు. ఆయన కదలలేదు. లారీ పోయిన తర్వాత ఆయన మెల్లగా చేయి కిందికి జార్చి మోకాలి పక్కన తడిమాడు.

“పడ్డది” అన్నాడు.

రూతు గోడకు ఆనుకుని నేల మీద కూర్చుండిపోయింది. కొంగుతో ముఖం తుడుచుకుని, “రింగు పడ్డదన్నడు గద అక్క? ఆయన పడ్డడనలే గద?” అంది. సామ్యేలు ఆమె భుజం పట్టుకోకుండా మెట్టు దిగి గేటు వరకు వెళ్లి, తిరిగి వచ్చాడు. పోనూ రానూ నలభై నాలుగు అడుగులు.

సోమవారం ఆయన దుకాణం తెరిచాడు. నేను ఒక అవసరం కల్పించుకుని ఆధార్ కార్డు నకలు తీయించుకోవడానికి వెళ్లాను. కాగితం కోసం లేచాడు, ఒక్క క్షణం ఆగాడు, నడిచాడు. నా వైపు చూసి, “రంగుదా, తెలుపు నలుపుదా అక్క?” అని మాత్రమే అడిగాడు. ఆ తర్వాత రూతు మరో రెండు ప్యాంట్లు తెచ్చింది. వాటికి ముందే కాగితం మీద ఎడమ కాలి ఆకారం కత్తిరించి పెట్టుకున్నాను. ఇది రాసే నాటికి ఆయన మళ్లీ పడలేదు.

ఈ పనిలోకి కొత్తగా వచ్చేవారికి ఒకటే చెప్పగలను. ఇంట్లో చేత్తో కుట్టుకుని తెచ్చిన బట్టలో వంకర కనిపిస్తే, విప్పే ముందు ఎందుకు వంకరగా ఉందో కుట్టిన మనిషిని అడగండి. చేతకాక వంకర పోయిన కుట్లు చాలానే వస్తాయి, నిజమే. అయినా అడగడానికి అర నిమిషం పడుతుంది. నేను ఇప్పుడు నోటుబుక్కులో కొలతల పక్కన ఇంకో గడి గీశాను. అందులో ఆ జవాబు రాస్తాను. మగవారి ఒంటి మీద ఇప్పటికీ టేపు పెట్టను. కానీ బట్ట ఎవరికో, దాని కింద ఇంకేమైనా తొడుగుతారో అడుగుతాను. అడిగితే సిగ్గుపడతారేమోనన్న మొహమాటం నాకు తగ్గింది.

నంబరు 214 లెక్క ఇది.

పోయినవి: ఎనిమిది ఇంచుల పొడవున్న డెనిమ్ పేలికలు రెండు. పద్దెనిమిదో నంబరు సూది ఒకటి. రూతు నాలుగు సాయంత్రాలు కుట్టిన నల్ల దారం. సామ్యేలు మోచేతి మీద రెండు ఇంచుల చర్మం.

మిగిలినవి: ఎడమ తొడ ఎముక. ప్యాంటు లోపలే ఉన్న ఇనుము. సామ్యేలు నడక.